ఆటలు లేని నెలల హెడ్ కోచ్

మూడు సీజన్లు వరసగా, కొత్తగా వచ్చిన ప్రతి హెడ్ కోచ్‌కూ ఆమె చేతే బొకే ఇప్పించారు.

ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో అదొక రివాజు. మహిళల ప్రొఫెషనల్ లీగులో అట్టడుగున ఈదుతూ ఉండే జట్టు వాళ్ళది. సీజను సగానికి రాకముందే హెడ్ కోచ్ కాడి పడేసేవాడు, లేదంటే ఓనరే అతణ్ణి సాగనంపేవాడు. అప్పుడు అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న ఈమెను పిలిచి, “తాత్కాలికంగా మీరు చూసుకోండి మేడం” అనేవారు. ఆమె చూసుకునేది. గొంతు పోయేదాకా అరిచి, తిట్టి, బుజ్జగించి, కింది లీగులోకి జారిపోతున్న జట్టును జుట్టు పట్టుకుని పైకి లాగేది. సీజను ముగియగానే, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, ఓనరు ఎక్కణ్ణించో పెద్ద పేరున్న మనిషిని పట్టుకొచ్చేవాడు. వేదిక మీద కెమెరాల ముందు ఆ పెద్దమనిషికి బొకే ఈమే ఇవ్వాలి. ఇచ్చేది. నవ్వేది కూడా. ఇంటికొచ్చాక బూట్లు విప్పి గోడకేసి కొట్టేదన్న సంగతి అత్తగారికి తప్ప ఎవరికీ తెలియదు.

ప్రభుత్వం పడిపోయి కొత్తది వచ్చేలోపు కుర్చీకి కాపలా కూర్చునేవాళ్ళను ఆపద్ధర్మ మంత్రులంటారు కదా. జట్టులో అమ్మాయిలు ఆమెకు ఆ పేరే పెట్టారు: ఆపద్ధర్మం. మొదట చాటున అనేవారు, తర్వాత “ఆపద్ధర్మం అక్కా” అని మొహం మీదే పిలిచేవారు. “ఆపద మీది, అధర్మం ఓనరుది, మధ్యలో నాకెందుకే ఈ పేరు?” అని ఆమె కూడా నవ్వేసేది.

ఆడే రోజుల్లో ఆమె ఎడమవైపు బ్యాక్. అప్పటికి ఆడవాళ్ళకు లీగూ లేదు, పాడూ లేదు. మగవాళ్ళ పాత చొక్కాలు నడుము దగ్గర ముడేసుకుని ఆడిన తరం. ఆమె భర్త లిఫ్ట్ మెకానిక్. అత్తగారు బట్టల మిల్లులో పనిచేసి, అక్కడ యూనియను నడిపి రిటైరైన మనిషి. మేనేజరు నవ్వితే జేబు తడిమి చూసుకోవాలని వయసులోనే నేర్చుకున్నది. “మొగుడు లిఫ్టులు పైకి లేపుతాడు, పెళ్ళాం జట్టును పైకి లేపుతుంది, మన ఇల్లు మాత్రం ఉన్న అంతస్తులోనే ఉంది” అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

ఈసారి సీజను ముగిశాక క్లబ్బు మేనేజరు ఆమెకు కబురు పెట్టాడు. షవర్లలో నీళ్ళు రావడం లేదన్నా, బస్సు టైర్లు అరిగిపోయాయన్నా ఆయన జవాబు ఒకటే: “సర్దుకుపోదాం మేడం.” అందుకే ఆయన పేరు సర్దుబాటు సారు. ఆ సర్దుకోవడంలో ఆయన వంతు ఎప్పుడూ ఉండేది కాదు.

“కంగ్రాట్స్ మేడం. ఇకనుంచి మీరే హెడ్ కోచ్.”

“తాత్కాలికమా సార్?”

“అబ్బెబ్బే! ఆ మాట ఎక్కడైనా ఉందేమో చూసుకోండి.”

నియామకపు కాగితం ఆమె రెండుసార్లు చదివింది. ఆ మాట నిజంగానే లేదు. కళ్ళు చెమర్చాయి. అవి సర్దుబాటు సారుకు కనబడకుండా గబగబా బయటికి వచ్చేసింది.

ఇంట్లో ఆ పూట కంచాల దగ్గర చెప్పింది. భర్త ఎగిరి గంతేశాడు. అత్తగారు అన్నం కలుపుకోవడం ఆపలేదు.

“ఆటలెప్పుడు మొదలు?”

“ఇంకా మూడు నెలలుంది అత్తయ్యా.”

“ఆటలే లేనప్పుడు కోచ్ ఏంటే? వాన వెలిశాక గొడుగు చేతికిచ్చినట్టు!”

“మీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదు కదా.”

“మంచి మాటలన్నీ మీ సర్దుబాటు దగ్గర ఉన్నాయిగా. అందుకే నాకు భయం.”

“అమ్మా, ఈ ఒక్క పూటా ఊరుకోవే” అన్నాడు భర్త. ఆమె సగం తిన్న కంచాన్ని సింకులో ధన్‌మని పడేసి లేచిపోయింది.

కోపమైతే వచ్చింది గానీ మర్నాటినుంచీ అత్తగారి బొత్తాల డబ్బానే తెచ్చుకుని కూర్చుంది. బల్ల మీద బొత్తాలు పేర్చి, జరిపి, మళ్ళీ పేర్చి, వచ్చే సీజను జట్టును కట్టుకుంటోంది. ఎడమవైపు బ్యాక్ చోట మాత్రం బొత్తం పెట్టలేదు. అది జిగురు చోటు. ఎదుటి జట్టు మనిషిని ఒకసారి పట్టుకుందంటే ఆట ముగిసేదాకా వదలదు కాబట్టి ఆ అమ్మాయికి ఆ పేరు. కిందటి సీజను చివరి మ్యాచ్‌లో, ఓడితే కింది లీగే అన్న మ్యాచ్‌లో, గోలు గీత మీదినుంచి బంతిని కాలితో గెంటేసింది జిగురు. వెనకే తమ గోల్‌కీపరు వచ్చి ఆమె మోకాలి మీద పడింది. జట్టు బతికిందని స్టేడియమంతా లేచి నిలబడింది. జిగురు లేవలేదు. మోకాలిలో లిగమెంటు తెగిపోయింది. ఆపరేషను చేస్తే మళ్ళీ ఆడుతుందన్నారు డాక్టర్లు. ఆలస్యం చేస్తే నడకే గగనమన్నారు.

పది రోజులు పోయాక ఆఫీసుకు రమ్మంటే వెళ్ళింది. గేటు దగ్గర క్లబ్బు డ్రైవరు కారు తుడుస్తున్నాడు.

“మేడం, కొత్త కోచ్ గారు దిగేది పదిహేనో తారీఖేగా? బొకే ఎప్పటిలాగే మీరే పట్టుకొస్తారా, దారిలో నన్ను కొనమంటారా?”

“ఏ కొత్త కోచ్?”

డ్రైవరు ఆమె మొహం చూశాడు. చేతిలో గుడ్డ చూసుకున్నాడు. “నాకేం తెలుసు మేడం, ఎయిర్‌పోర్టుకు వెళ్ళమన్నారు” అని కారు అవతలి వైపుకు వెళ్ళిపోయాడు.

ఆ మాట మోసుకుని లోపలికి వెళితే సర్దుబాటు సారు టీ తెప్పించాడు. తర్వాత ఆరుగురి పేర్లు చదివాడు. వీళ్ళను వదిలేస్తున్నట్టు శుక్రవారం ప్రెస్‌మీట్‌లో హెడ్ కోచ్ హోదాలో ఆమె ప్రకటించాలట. ఆరుగురిలో ముగ్గురు ఆట తగ్గినవాళ్ళేమీ కాదు, షవర్ల గురించి గట్టిగా అడిగినవాళ్ళు. ఇద్దరు వయసు మీరినవాళ్ళు. ఆరో పేరు జిగురు.

“జిగురు ఎందుకు సార్?”

“ఆటతీరు సంతృప్తికరంగా లేదు.”

“మంచం మీదున్న పిల్ల ఆటతీరు మీరెక్కడ చూశారు?”

సర్దుబాటు సారు కుర్చీ ముందుకు జరిపాడు. “మీరు ఇంటి మనిషి కాబట్టి చెబుతున్నా. దెబ్బ తగిలిందని తీసేస్తే వైద్యం మన నెత్తిన పడుతుంది. ఆట బాగోలేదని తీసేస్తే పడదు. లీగు రూలు. ఆ మాట హెడ్ కోచే రాసివ్వాలి, అసిస్టెంటు రాస్తే చెల్లదు. అందుకే కదా మిమ్మల్ని...” అని నాలిక కరుచుకున్నాడు.

“పూర్తి చెయ్యండి సార్. అందుకే కదా నన్ను?”

“సర్దుకుపోదాం మేడం.”

“పదిహేనో తారీఖున దిగేది ఎవరు?”

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. ఇక నవ్వు అక్కర్లేదనుకున్నాడో ఏమో, తీసేశాడు. “పెద్ద కోచ్. తను వచ్చేసరికి తీసివేతలన్నీ అయిపోయి ఉండాలన్నారు, అదే ఆయన షరతు. మీరు సంతకం పెట్టండి, అసిస్టెంటుగా మరో మూడేళ్ళు మీకు ఢోకా లేదు. పెట్టకపోతే అదీ ఉండదు. ఆడ కోచ్‌కి ఇంకో క్లబ్బులో ఎవరు కుర్చీ వేస్తారో చూసుకోండి.”

పాము చావాలి, కర్ర విరగకూడదు. కొత్తాయన చేతికి రక్తం అంటకూడదు. అందుకు ఇన్నేళ్ళూ నోరెత్తని మనిషి ఒకతె కావాలి. ఓనరుది సిమెంటు పైపుల వ్యాపారం. పగిలిన పైపును రోడ్డు పక్కకు దొర్లించడం తెలిసినవాడు, మనుషులను దొర్లించడానికి ఎంతసేపు ఆలోచిస్తాడు?

ఆమె వెంటనే బల్లగుద్ది లేచిపోయిందని రాస్తే బాగుంటుంది గానీ, అలా జరగలేదు. ఆలోచించుకుంటానంది. రెండు రోజులు ఆలోచించింది కూడా. తనకు వచ్చిన పని ఈ ఒక్కటే. ఆరుగురు పోతే పోయారు, మిగతావాళ్ళకైనా తను ఉంటుంది కదా అని తనకు తనే నచ్చజెప్పుకుంది. చివరికి జిగురుకు మెల్లగా చెప్పి ఒప్పించాలనే ఆ అమ్మాయి గదికి బయల్దేరింది.

మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు. మోకాలు పోయిన పిల్ల ఈ మెట్లెలా దిగుతోందో అనుకుంటూ ఎక్కింది. చంకలో కర్రతో జిగురే తలుపు తీసింది.

“రండి మేడం. కూర్చోండి.”

పదహారేళ్ళ వయసులో క్లబ్బుకొచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల నోట “నువ్వు”, “అక్కా” తప్ప మరో మాట వినలేదు. ఆ “మేడం” చెంప మీద కొట్టినట్టు తగిలింది.

“మేడం ఏంటే?”

“హెడ్ కోచ్ గారిని అక్కా అంటే ఏం బాగుంటుంది? పేపర్లో వేశారుగా. ‘కొత్త కోచ్ కఠిన నిర్ణయం, ఆరుగురిపై వేటు’ అని.”

సర్దుబాటు సారు అప్పుడే విలేకరుల చెవిలో ఊదేశాడన్నమాట.

“నేనింకా ఏమీ చెప్పలేదే.”

“ఇంకా! ఆ ‘ఇంకా’ చాలు మేడం, అర్థమైంది.”

“కాస్త నా మాట విను...”

“ఏం వినాలి? ఒకే మ్యాచ్‌లో నీకు కుర్చీ వచ్చింది, నాకు కర్ర వచ్చింది! నా మోకాలి మీద ఎక్కి కూర్చున్నావు. కుర్చీ మెత్తగా ఉందా అక్కా?” కోపంలో ‘మీరు’ ఎగిరిపోయింది. “నా ఆట బాగోలేదంటగా? ఇదిగో, నా మొహం చూసి ఆ మాట అను. ఎవరూ తియ్యక్కర్లేదు, నేనే పోతా. అను!”

ఆమె చూపు ఆ మొహం మీదినుంచి కర్ర మీదికి జారింది. జిగురు తలుపు బార్లా తీసి నిలబడింది, ఇక వెళ్ళమన్నట్టు. మెట్లు దిగేటప్పుడు ఆమెకు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. కిందికి చేరేసరికి తెలిసింది.

శుక్రవారం ప్రెస్‌మీట్. వేదిక మీద సర్దుబాటు సారు, పక్కన ఆమె. వెనక గోడ మీద క్లబ్బు గుర్తు. “జట్టు ప్రక్షాళన గురించి హెడ్ కోచ్ గారే చెబుతారు” అని ఆయన మైకు ఆమె వైపు జరిపాడు.

“ఎవరినీ తీసెయ్యడం లేదు” అందామె. “ఆరుగురూ ఉంటారు. హెడ్ కోచ్‌గా ఇది నా నిర్ణయం. మా ఎడమ బ్యాక్ ఆట బాగోలేదని నాతో అనిపించాలని చూశారు. ఆమె ఆట బాగుంది, మోకాలు బాగోలేదు. ఆ మోకాలు ఈ క్లబ్బు కోసం పోయింది, ఈ క్లబ్బే బాగుచేయించాలి.”

హాలులో గుసగుసలు మొదలయ్యాయి. సర్దుబాటు సారు మైకు లాక్కున్నాడు. “మేడం కాస్త భావోద్వేగంలో ఉన్నారు...”

“భావోద్వేగం కాదు సార్, కోపం” అందామె, మైకు లేకుండానే. చివరి వరసకూ వినబడింది. మైదానంలో అరిచి అరిచి పండిన గొంతు అది.

మర్నాడు గేటు దగ్గర ఆమె కార్డు పనిచేయలేదు. క్రమశిక్షణ తప్పినందుకు హెడ్ కోచ్, అసిస్టెంటు రెండు ఉద్యోగాలూ పీకేశారు. అభిమానుల్లో సగంమంది చప్పట్లు కొట్టారు. మిగతా సగం, “ఆటగత్తెల్ని కాపాడటానికి జట్టును ముంచింది” అని ఫోన్లలో తిట్టిపోశారు. అత్తగారు మాత్రం, “ఈ నోరు మూడేళ్ళ కిందట తెరవాల్సింది, మొద్దూ!” అని కసురుకుని, అడక్కుండానే కంచంలో ఇంకో గరిటె వడ్డించింది. జిగురు ఇప్పటికీ ఫోను చేయలేదు. జిగురు చేయాలని ఆమె ఆశించడమూ లేదు.

కొత్త కోచ్ పదిహేనునే దిగాడు. “నేను రాకముందు సంగతులు నాకు తెలియవు” అని మొదటి రోజే చేతులు దులుపుకున్నాడు. కానీ క్లబ్బుకు ఆ సంతకం కావాలి, ఇప్పుడది ఆయనే పెట్టాలి. జట్టు పేర్లు లీగుకు పంపే గడువు నెలాఖరు. ఒక్క మ్యాచ్‌లో కూడా తను చూడని అమ్మాయి ఆట బాగోలేదని ఆయన రాసిస్తాడా, లేదా అన్నది ఈ కొద్ది రోజుల్లో తేలిపోతుంది. రాసిస్తే ఆపరేషను లేదు.

ఇది చదువుతున్న మీలో చాలామంది ఏటా సీజను టికెట్లు కొంటారని తెలుసు. ఆ చివరి మ్యాచ్‌లో లేచి నిలబడి ఈలలు వేసినవాళ్ళూ మీలో ఉన్నారు. అమ్మకాలు సోమవారం పొద్దున మొదలవుతాయి. ఇంట్లో కూర్చుని అయ్యో పాపం అనకండి. కౌంటరు దగ్గరికి వెళ్ళండి, వరుసలో నిలబడండి. మీ వంతు వచ్చాక డబ్బు తీయకుండా ఒక్క మాట అడగండి: “జిగురు మోకాలికి ఆపరేషను ఎప్పుడు చేయిస్తున్నారు?” తేదీ చెప్పేదాకా టికెట్టు కొనకండి, పక్కకూ జరగకండి. వెనకున్నవాళ్ళు తొందర పెడితే సంగతేమిటో వాళ్ళకూ చెప్పండి, వాళ్ళనూ అడగమనండి.