ఎర్ర పుంజు మెడ ఈకలు

మా ఆడపడుచు కూతురు ఐర్లాండులో నర్సు. మొన్న వీడియో కాల్‌లో అక్కడి సరస్సు చూపిస్తానని ఫోను అటు తిప్పింది. బూడిదరంగు నీళ్లు, చిన్న పడవ, అందులో టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన. ఆయన దగ్గర వానపాము లేదు, పిండి ముద్ద లేదు. పొడుగాటి దారాన్ని గాలిలోకి విసిరి, దాని చివర ఈకలు చుట్టిన గాలాన్ని నీళ్ల మీద మెల్లగా వాలుస్తున్నాడు. "చూసినవా అత్తా, కోడీకలతోని చేపలు పడ్తరట ఈడ!" అని అది తెగ ఆశ్చర్యపోయింది. "మీ తాత శ్రీరాంపూర్‌ల గదే పని చేస్తుండె బిడ్డా" అంటే నమ్మలేదు. ఫోను పెట్టేశాక చాలాసేపు మా మామే కళ్లముందు మెదిలాడు.

పెండ్లైన రెండో నెలకే మా ఆయన దుబాయి వెళ్లిపోయాడు. అత్త అంతకు ముందు ఏడే పోయింది. బొగ్గుబావి కాలనీలోని ఆ రెండు గదుల క్వార్టర్‌లో మిగిలింది నేనూ, మామా. కోడలు మామ ముందు కూచోకూడదు, ఎదురుపడి మాట్లాడకూడదు అని నన్ను కన్న మా అవ్వ నాకు నేర్పి పంపింది. ఆయనకూ ఎవరో అలాగే నేర్పినట్టున్నారు, నాతో చెప్పాల్సిందంతా గోడతో చెప్పేవాడు. "జర చాయ్ ఉంటే మంచిగుండు" అని గోడతో అనేవాడు. నేను తలుపు చాటు నుంచి వచ్చి గ్లాసు పీట మీద పెట్టి, మళ్లీ తలుపు చాటుకే వెళ్లి నిలబడేదాన్ని. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ నేను కూచుంటే ఒట్టు.

ఆదివారం వస్తే మాత్రం మామ వేరే మనిషి. వెదురు గడ భుజాన వేసుకుని సైకిల్ మీద గోదావరికి పోయేవాడు. బావిలో కొత్త యంత్రం బిగించడానికి వచ్చిన ఒక ఐర్లాండ్ ఇంజనీరు ఆయనకు ఈకల గాలం కట్టడం నేర్పాడట. ఒకరి భాష ఒకరికి రాదు. రెండేళ్లు ఇద్దరూ సైగలతోనే చేపలు పట్టారట! తొలకరికి ఉసిళ్లు, అవే రెక్కల చెదపురుగులు, లేచి నీళ్ల మీద పడితే చేపలు ఎగబడతాయి కదా, ఈ గాలం కూడా అచ్చం ఉసిళ్లలాగే తేలాలి. అలా తేలాలంటే ముదురు పుంజు మెడ ఈకే కావాలి. లేత పుంజు ఈక తడిసి ముద్దై మునిగిపోతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. తెలియకముందే చేయాల్సిన ఘనకార్యం చేసేశాను.

ఒకరోజు మామ మొదటి షిఫ్టులో ఉండగా మా ఆడపడుచు భర్త చెప్పాపెట్టకుండా వచ్చాడు. ఇంటి అల్లుడు వస్తే కోడి కోయకపోతే ఎలా? పెరట్లో అన్నిటికన్నా పెద్దది, తేనెరంగు మెడతో దర్జాగా తిరిగే ఎర్ర పుంజు కనిపించింది. ఇన్నాళ్లు కోయకుండా ఉంచారంటే ఇలాంటి రోజు కోసమే అనుకున్నాను. పక్కింటి అక్కతో కోయించి, మరిగే నీళ్లలో ముంచి, ఈకలన్నీ పీకి పొయ్యిలో వేశాను. కూర రెండు గంటలు ఉడికింది, అయినా ఉడకలేదు. "జర గట్టిగున్నది గని రుచున్నది మామా" అంటూ, షిఫ్టు దిగి వచ్చిన మామ పక్కన కూచుని అల్లుడు దవడలు నొప్పి పుట్టేలా నమిలాడు. మామ ఒక ముక్క నోట్లో పెట్టుకుని పెరటి వైపు చూశాడు.

ఆ ఆదివారం ఆయన గోదావరికి పోలేదు. ఆ తర్వాతి ఆదివారమూ పోలేదు. గోడతో మాట్లాడటం కూడా మానేశాడు. అప్పుడు పక్కింటి అక్క చెప్పింది. "గా పుంజును మూడేండ్ల సంది సాదిండు. ఒక్క గాలానికి సరిపడ రెండు మెడ ఈకలు పీకి, మళ్ల మొలిచేదాంక ఆగుతుండె. మీ అత్త పోయినంక గా నీళ్లకాడనే మనిషయిండు. నువ్వేం జేస్తివి పిల్లా!" ఆ ఇంట్లో ఉన్న ఒక్క మనిషినీ నా చేతులతో నేనే మంచాన పడేశాననిపించింది.

జైనూర్ దగ్గరి మా అవ్వగారింటికి వెళ్లి, బాపును వెంటబెట్టుకుని అంగడంతా తిరిగాను. కనబడిన పుంజునల్లా పట్టుకుని మెడ ఈకలు విప్పి చూశాను. "గిదేం పిల్లనే! అందరు తొడలు జూస్తరు, గీమె మెడ జూస్తది" అని అమ్మేవాళ్లు పగలబడి నవ్వారు. చివరికి రెండేళ్ల ఎర్ర పుంజు దొరికింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కితే, దిగేదాకా అది కూస్తూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి మామ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. పుంజును ముందు పెట్టాను. గోడ కోసం వెతుక్కోకుండా ఆయన నన్నే అడిగాడు. "మెడ జూడాలెనని ఎవలు జెప్పిండ్రు నీకు?"

"పక్కింటి అక్క జెప్పింది మామా. ఎరుక లేక జేసిన. నువ్వు మల్ల గోదారికి పోవాలె" అన్నాను. ఆయన మొహం చూసి నేను మాట్లాడిన మొదటి మాటలు అవే. ఏడుపు ఆగలేదు.

మామ ఈకలు విప్పి ఎండకు పట్టి చూశాడు. "జర లేతగున్నది. ఒక్క యేడు ఆగాలె. అయినా నడుస్తది" అని రెండు ఈకలు పీకాడు. లోపలి నుంచి గాలాన్ని కదలకుండా బిగించే చిన్న పట్టుడు చెక్క, ఎర్ర దారం తెచ్చి పీట మీద పెట్టాడు. "ఇటు రా, నేర్పుత" అన్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. "నిలవడితే కనవడది బిడ్డా. ఎదురుంగ కూసో."

కూచున్నాను. గాలం వంపు దగ్గర దారం బిగించి, ఈకను దాని చుట్టూ తిప్పితే పోగులు నిక్కపొడుచుకుని నిలబడ్డాయి. మూడుసార్లు ఊడిపోయింది, నాలుగోసారి నిలిచింది. ఆదివారం మామ దాన్నే తీసుకుపోయి ఉత్త చేతులతో తిరిగొచ్చి, "ఒకటి మూతి వెట్టింది బిడ్డా, ఇడిసిపెట్టింది" అన్నాడు, పండగ చేసుకున్న మనిషిలా. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మా పెండ్లి తారీఖు శుభలేఖలో ఏదైనా ఉండనీ, ఆ ఇంట్లో నా కాపురం మొదలైంది మాత్రం మామ ఎదురుగా కూచున్న ఆ మధ్యాహ్నమే.