గ్రాఫ్ కాయితం, బాపు శాలువ

మొన్న కాలేజీ ఫంక్షన్ల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో వేరేటోళ్లు మసాలా వేసి చెప్పకముందే నేనే చెప్త. చాయ తాగుకుంట వినండి. నవ్వుకున్నా పర్వాలేదు. నాకైతే ఇప్పటికీ స్టాఫ్‌రూం దిక్కు పోవాలంటే కాళ్లు రావట్లేదు.

నల్లగొండల మా కాలేజీ లైబ్రరీ నేనే చూసుకుంటనని మీకు ఎరుకే కద. పాలమూరు నుంచి సుగుణ మేడం అని ఒక రిటైర్డ్ టీచర్ ట్రంకు పెట్టె పట్టుకొని వచ్చింది. వాళ్ల అమ్మ ఒకప్పుడు బ్యాలే డాన్సర్. సొంత ట్రూపు ఉండేదట. డాన్సులు కూర్చుడు, డ్రెస్సులు డిజైన్ చేసుడు, అన్నీ ఆమెనే. ఆమె పోయినంక కాయితాలన్నీ ఆ పెట్టెల మిగిలినయి.

"ఈ పెట్టె మాకియ్యమని హైదరాబాద్ లైబ్రరీ వాళ్లు అడిగిండ్రు రమా. కానీ మా అమ్మ ఎక్కువ ఆడింది మన దిక్కే. మంచిగ చూసుకుంటమంటే ఇక్కడనే ఉంచుతా. ముందుగాల ఒక ఎగ్జిబిషన్ పెట్టు, చూస్తా" అన్నది.

గంత పెద్దామె కాయితాలు మా చిన్న లైబ్రరీకి వస్తాయంటే నా కాళ్లు భూమి మీద ఆనలే. ఫొటోలు ఒక దిక్కు, డ్రెస్సుల బొమ్మలు ఒక దిక్కు సర్దుతుంటే ఒక గ్రాఫ్ పేపర్ దొరికింది. గళ్లల్ల ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగులు నింపి ఉన్నయి. నడుమ ఒక్క గడి మాత్రం నల్లగ ఉన్నది.

మాది మగ్గాల ఇల్లు, మా నాయిన, అదే మా బాపు, ఇప్పటికీ నేస్తడు. మా ఇంట్ల గ్రాఫ్ పేపర్ కనపడిందంటే అది చీరె డిజైనే. ఆ గళ్లు చూసుకుంటనే, రంగు అంటొద్దన్న కాడ నూలుకు రబ్బర్లు కట్టి రంగుల ముంచుతరు. దానికి ఇంకో పని ఉంటదని నాకు పుట్టినప్పటి నుంచి తెల్వదు. "చీరె డిజైన్" అని లేబుల్ రాసి డ్రెస్సుల ఫైల్ల పెట్టేసిన.

అక్కడ ఆగితే బాగుండు. ఆగితే నేను రమ ఎట్లైత?

ఫొటో తీసి చండూరు దిక్కు మా ఊర్ల ఉన్న బాపుకు పంపిన. ఎగ్జిబిషన్ రోజు మేడంకు సన్మానం ఉంది. వాళ్ల అమ్మ డిజైన్‌తోనే నేసిన శాలువ కప్పితే ఆమె దిల్‌ఖుష్ అయిపోవాలె, పెట్టె మాకే ఇచ్చెయ్యాలె. అదీ నా ప్లాను. బాపుకైతే నాకంటె ఎక్కువ సంబురమైంది.

"పెద్దామెకు మన పని తెల్సు బిడ్డా. రంగులు మంచిగేసింది. కానీ నల్లగడి ఒక్కటే ఉండేసరికి బోసిగ కొడుతాంది. ఎదురుబొదురుగ ఇంకొన్ని వేద్దునా?"

"వెయ్యి బాపు. చుట్టూత వెయ్యి."

పాపం, ఉన్న ఆర్డర్లు పక్కకు పెట్టి నేసిండు. శాలువ చూస్తే కండ్లు తిప్పబుద్ధి కాలేదు.

ఫంక్షన్ల మైకు నా చేతికిచ్చిండ్రు. "ఈ శాలువ అమ్మగారి సొంత డిజైన్" అన్న. చప్పట్లు కొట్టిండ్రు. చప్పట్లు వింటే నా నోరు ఊకుంటదా? "ఈ నల్లని గళ్లు అనంత శూన్యానికి సంకేతం" అని ఇంకో ముక్క కలిపిన. అది ఎక్కడ్నుంచి వచ్చిందో ఆ దేవునికే ఎరుక.

మేడం భుజం మీది శాలువ తీసి టేబుల్ మీద పరిచింది. కండ్లద్దాలు పెట్టుకొని ఒక్కో గడి మీద వేలు జరుపుకుంట చూసింది. కొద్దిసేపటికి ఆమె భుజాలు కదులుతున్నయి. ఏడుస్తుందనుకొని నీళ్ల సీసా అందిచ్చిన. ఏడుపు కాదు, నవ్వు.

"ఇది చీరె డిజైన్ కాదు రమా, మా అమ్మ గీసుకున్న స్టేజి ప్లాను. ఎర్రగళ్లు ఆడపిల్లలు నిలబడే జాగ, పచ్చగళ్లు మొగపిల్లలది. పసుపువి లైట్లు."

"మరి నల్లది మేడం?"

ఎందుకడిగిన్నో. మైకు ఇంక నా చేతులనే ఉన్నది.

"అక్కడ స్టేజి చెక్క విరిగి బొక్క పడ్డది. కాలు పెట్టొద్దని గుర్తు. మా అమ్మ స్టేజికి ఒక్క బొక్కే ఉండె, మీరు చుట్టూత పెట్టిండ్రు."

హాలంత ఒక్కటే నవ్వుడు. ప్రిన్సిపాల్ సారు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నడు. పిల్లలు అప్పటినుంచి నన్ను చూస్తే "అనంత శూన్యం మేడం వస్తాంది" అంటుండ్రు.

అందరు పోయినంక మేడం నన్ను పక్కన కూసోబెట్టుకున్నది.

"ఒక్క ఫోన్ చేస్తే చెప్పేదాన్ని కద."

"సర్‌ప్రైజ్ అనుకున్న మేడం."

"నీ ప్రేమ నాకు తెల్సు. కానీ తెల్వని కాయితానికి అడగకుండ పేరు పెట్టేసినవు. ఇంక వేటివేటికి అట్ల పెట్టినవోనని నాకు భయమైతాంది."

హాలంత నవ్వినప్పుడు కూడ నాకు అంత సిగ్గనిపించలే. ఆ మాటకు తలెత్తలేకపోయిన. ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది? పెట్టె హైదరాబాద్‌కే పోయింది. కారు దాక నేనే మోసిన. శాలువ మాత్రం మేడం భుజం మీదనే కప్పుకొని పోయింది.

తెల్లారి బాపు ఫోను.

"బిడ్డా, ఫంక్షన్ల చూసినోళ్లు నల్లగళ్ల శాలువలు కావాలని ఒకటే అడుగుతుండ్రు. ఆ పెట్టెల ఇంకేమన్న డిజైన్లున్నయా?"

"పెట్టె పోయింది బాపు. మనకు బొక్కలే మిగిలినయి."