రెండుకిచ్చెయ్యి తల్లీ

బాబాయ్ అసలు జబ్బు బేరం. మూత్రపిండాలు పాడైన సంగతి ఆ తర్వాతది.

ఆయన ఒకప్పుడు బట్టల కొట్లో గుమాస్తా. బతుకంతా బల్లకు అవతల నిలబడి బేరాలు విన్న మనిషి, ఇప్పుడు ఇవతలికి వచ్చి కసి తీర్చుకుంటున్నాడని డయాలసిస్ గది నర్సు నమ్మకం.

ఆ గదిలో సరుకు ఒకటే, నీళ్లు. మూత్రపిండాలు పనిచెయ్యని ఒంట్లో తాగిన నీళ్లు తాగినట్టే నిలవుంటాయి. రాగానే మనిషిని తూచి, డాక్టరు నిర్ణయించిన అసలు బరువు అందులోంచి తీసేస్తే మిగిలింది నీళ్ల లెక్క. అంతా మిషను లాగెయ్యాలి.

"మూడు లీటర్లు బాబాయ్."

"మూడా! ఏం చూసి చెప్పావు తల్లీ ఆ మాట? రెండుకిచ్చెయ్యి."

"తూకం చెబుతోంది."

"తూకానికేం తెలుసు? బెల్టుంది. కళ్లజోడుంది. పొద్దున మీ పిన్ని పెట్టిన మొట్టికాయలున్నాయి."

"మొట్టికాయలకు బరువుండదు."

"నీకింకా పెళ్లి కాలేదు."

గదంతా నవ్వేది. నర్సు పళ్లు నూరేది. ఇంత రభస చేసి చివరికి, "సరే, బోణీ బేరం, మూడే కానీ" అని చెయ్యి చాపేవాడు. ఒక్క గ్రాము తగ్గించుకున్న పాపాన పోలేదు.

పక్క మంచం దర్జీ ఆవిడది. పళ్ల మధ్య గుండుసూదులు పట్టి పట్టి ఆవిడకు నోరు తెరవడం అలవాటు తప్పింది. "రెండున్నర తీస్తాను" అంటే తల ఊపేది. "దొంగతనంగా నీళ్లు తాగుతున్నారు కదూ" అన్నా తల ఊపేది. మిషను సగంలో ఉండగానే పిక్కలు పట్టేసేవి. పెదవి కొరుక్కుని పడుకునేది. లేస్తే కళ్లు తిరిగేవి.

ఒకరోజు బాబాయ్ కొత్త బేరం పెట్టాడు. ఒంట్లో నీళ్లెన్నో, కండెంతో, కొవ్వెంతో విడివిడిగా చెప్పే యంత్రం ఒకటి ఆ గదిలో ఉంది. చేతికీ కాలికీ బిళ్లలు అంటించి తీగలు తగిలిస్తారు. మనిషి కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. ఆ వేళ వంతు బాబాయ్‌ది.

"నా వంతు ఆ చెల్లెమ్మకిచ్చెయ్యి."

"ఇదేమైనా బస్సులో సీటా బాబాయ్?"

"నేను మాట్లాడకుండా ఉండలేను. యంత్రం దండగ."

అది నిజమే. పోయినసారి తీగలు తగిలించుకుని మరీ దాని ఖరీదు అడిగాడు.

నర్సు ఒప్పుకోలేదు. బాబాయ్ గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గుతుందని గదికి అప్పుడే తెలిసింది.

"ఇంక రానంటోంది తల్లీ. ఇంటికెళ్తే మంచం దిగలేకపోతోందిట. రాకపోతే ఏమవుతుందో నాకూ తెలుసు, నీకూ తెలుసు."

నర్సు బిళ్లలు తెచ్చి దర్జీ ఆవిడకు అంటించింది.

యంత్రం లెక్కలో ఆవిడ ఒంట్లో ఎక్కువున్న నీళ్లు లీటరే. మిగతాదంతా కండా కొవ్వూ. జ్వరంతో చిక్కి శల్యమైనప్పుడు రాసిన అసలు బరువే ఇంకా నడుస్తోంది. ఆవిడ కోలుకుంది, అన్నం సహించింది, ఒళ్లు చేసింది. ఆ ఒంటిని నీళ్లనుకుని పిండుతున్నారు.

"ఆరిన గుడ్డను పిండితే ఏముంటుంది, చిరుగే" అన్నాడు బాబాయ్.

డాక్టరు వచ్చి అసలు బరువు పెంచాడు. ఆ పూట లీటరే తీశారు. దర్జీ ఆవిడ మిషను మీద నిద్రపోయింది.

నర్సు బాబాయ్ మంచం దగ్గరకొచ్చింది. "రోజూ ఇంత గొంతు చించుకుని, చివరికి నా మాటకే ఒప్పుకుంటారు. ఎందుకీ నాటకం?"

"కొట్టుకొచ్చేవాళ్లలో కొందరు నోరెత్తరు తల్లీ. పక్కనెవడో సిగ్గులేకుండా బేరమాడితే, ఓహో అడగొచ్చన్నమాట అనుకుంటారు. ఆ సిగ్గులేనివాణ్ణి నేను." పక్క మంచం కేసి చూసి నిట్టూర్చాడు. "ఎంత అరిచినా వినదే!"

తర్వాతిసారి దర్జీ ఆవిడను తూచి నర్సు అంది, "లీటరున్నర."

తల ఊగబోయి ఆగింది.

"లీటరుంబావు" అంది ఆవిడ, నేల చూస్తూ.

"ఎందుకమ్మా?"

"చెప్పులతో ఎక్కాను."

విప్పించి మళ్లీ తూచింది నర్సు. పావుకిలో చెప్పులదే. లెక్క మార్చింది.

బాబాయ్ మంచం మీద లేచి కూర్చున్నాడు. "నాకు ఒక్క చుక్క తగ్గించని దానివి, ఆవిడకు పావు లీటరా! ఇదేం న్యాయం?"

"మీకు బేరం చేతకాదు అన్నయ్యగారూ" అంది దర్జీ ఆవిడ.