న్యాగొండ్వే చేపల బుట్ట

మా సరస్సు ఒడ్డున న్యాగొండ్వే అంటే తెలియనివాళ్లు లేరు. ఊరి బళ్లో చదివి నర్సయిన మనిషి. వంతెన కొట్టుకుపోయిన ఏడాది మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని ఏరు దాటింది. హెచ్‌ఐవీ మాత్రలు మానేసి మూల కూర్చున్న ఆడవాళ్లను ఎందరినో బతిమాలి, తిట్టి, మళ్లీ ఆస్పత్రి దారి పట్టించింది. సీసాలో మాత్రలు గలగలమంటే గుట్టు రట్టవుతుందని దూది కుక్కి ఇవ్వడం మా వైపు మొదలుపెట్టింది ఆవిడే. ఒక గడప తొక్కాలంటే వాడలోని గడపలన్నీ తొక్కి, ప్రతి ఇంటా మంచినీళ్లు తాగి, ఎవరికోసం వచ్చిందో పసిగట్టనిచ్చేది కాదు. అధికారులు సభ పెట్టి భుజాల మీద కొత్త చితెంజే గుడ్డ కప్పారు. రేడియోలో ఆవిడ గొంతు మోగింది.

చిక్కు అక్కడే వచ్చిపడింది. ఆవిడ ఏ జబ్బుకు నర్సో ఊరూరా తెలిసిపోయింది.

వానలు మొదలైనప్పటి నుంచీ ఫలేసి మందులకు రావడం లేదు. చంటిబిడ్డ తల్లి. మాత్రలు ఆగితే తనకే కాదు, పాలు తాగే బిడ్డకూ ముప్పే. గనుల నుంచి మొగుడు తిరిగొచ్చాడు. అతనికి తన జబ్బు సంగతి ఇంకా చెప్పలేదు. అత్త కంట్లో వత్తులు వేసుకుని కాపలా కాస్తోంది.

న్యాగొండ్వే తెల్లబట్టలు విడిచి, ఎండుచేపల బుట్ట నెత్తికెత్తుకుంది. బుట్ట అడుగున ఫలేసి సీసా.

వాడలో మొదటి ఇల్లాలు చూస్తూనే తలుపు మూసింది. పక్కింటావిడ వాకిట్లోంచే చేతులు జోడించింది.

"మా ఇంటికి మాత్రం రాకు తల్లీ! నువ్వు నీళ్లు తాగి పోతావు, నన్ను లోకం తాగుతుంది."

"చేపలమ్ముకోడానికొచ్చానే!"

"నర్సమ్మ చేపలమ్మితే ఇక జాలరులు సూదులు పొడుస్తారు కాబోలు!"

వాడంతా నవ్వింది.

ఫలేసి బిడ్డను వీపున కట్టుకుని ఎండు కర్రపెండలం దంచుతోంది. తలెత్తి చూసి, వెంటనే దించేసుకుంది. అత్త ఎదురొచ్చింది.

"ఎవరికోసమొచ్చావు?"

"ఎవరికోసమూ కాదొదినా. చేపలు."

"ఏమే కోడలా, ఈవిడ నీకు తెలుసా?"

రోకలి ఆగింది. "నర్సమ్మని ఎరగందెవరత్తా? నాకేం పని ఆవిడతో?"

"అయితే సరే. పైవన్నీ నలిగిపోయాయి, అడుగువి చూడనీ." అత్త బుట్టలో చెయ్యి పెట్టబోయింది.

న్యాగొండ్వే చటుక్కున వెనక్కి లాక్కుంది. "అడుగువి పురుగు పట్టాయొదినా."

"పురుగుల చేపలు అంటగడదామని వచ్చావా? నడు, నడు!"

అధికారులను నిలబెట్టి అడిగిన మనిషి ఆ వాకిట్లో బుట్ట మళ్లీ నెత్తికెత్తుకుంది. ఒక్క మాట జారితే ఫలేసి ఆ పూటే వీధిన పడుతుంది. వీపున బిడ్డ దగ్గింది. ఫలేసి మళ్లీ రోకలి ఎత్తింది. ఈసారి పోటు మీద పోటు, దగ్గు వినిపించనంత గట్టిగా.

తిరుగుదారంతా బుట్ట నెత్తిన ఊగుతూనే ఉంది. అడుగున సీసా చిన్న చప్పుడు కూడా చేయలేదు. దూది అంత బాగా కుక్కింది న్యాగొండ్వే.