పరిగె మిగలని చేను

2019 ఫిబ్రవరి. మెట్‌పల్లిలో నాకూ యాకూబ్ భాయికీ కలిపి ఒక వెల్డింగ్ షాపు ఉండేది. ట్రాక్టర్ వెనక తగిలించి పసుపు తవ్వే డిగ్గర్‌ను ఆ ఏడే తయారుచేశాం. కూలీలు దొరకడం లేదు, ఇక పసుపే మానేస్తామని రైతులు అంటున్న రోజులవి. డిగ్గర్‌లో కీలకం జల్లెడ. మట్టి కిందికి రాలి, కొమ్ములు పైన నిలిచేలా బిగించిన ఇనుప కడ్డీలు. వాటి మధ్య సందును మూడుసార్లు మార్చి రైతు రాజన్న చేనులో ట్రయల్ వేశాం. వెనకే నడిచి వెతికితే మట్టిలో ఒక్క కొమ్ము కూడా మిగల్లేదు. సంతోషించాం.

గట్టు మీద శాంతమ్మ కూర్చుని ఉంది. మిషన్ చర్చికి వెళ్లే కుటుంబం, భర్త లేడు, భూమి లేదు. తవ్వాక చేనులో మిగిలినదాన్ని పరిగె అంటారు. అది ఏరుకున్నవాళ్లదే, రైతు అడగడు. ఆ పసుపు ఉడికించి, ఎండబెట్టి అమ్మి ఆమె వానాకాలం దాకా ఇల్లు నడిపేది.

ఖాళీ గంప మా ముందు పెట్టింది. "మంచి మిషన్ చేసిండ్రు బిడ్డా. ఎలుకకు గూడ ఇడిసిపెట్టలే."

రాజన్న నవ్వాడు. "మాకు గావల్సింది గదే గదా అవ్వా!"

"నీకు సరే పటేలా. నేనేం తినాలె?"

తిరిగి వస్తూ, కడ్డీల సందు కొంచెం పెంచుదామా అన్నాను.

"రైతుకు నష్టమైతే మన మిషన్ ఎవడు తీస్కుంటడు సత్తన్నా?" అన్నాడు యాకూబ్ భాయి. "సందుది గాదు ఫికర్. రైతును అడిగినం గని, గామెను అడగలే."

మర్నాడు శాంతమ్మ ఇంటికి వెళ్లి, మిషన్ పని చూసి చెప్పమని అడిగాం. ఆమె మాతో రాజన్న చేనుకు వచ్చి, డిగ్గర్ తీసిన కుప్పలోంచి రెండు కొమ్ములు చేతిలోకి తీసుకుంది.

"గిది సూడుండ్రి, గీత వడ్డది. విత్తనానికి పెడితే కుళ్లుతది. గిది మంచిది. ముట్టుకుంటె నాకెర్క."

మట్టిలో ఏం మిగిలిందో చూశాం గానీ, పైకి వచ్చినది ఎలా ఉందో మేం చూడనే లేదు.

ఆ తర్వాత కిరాయికి ఒక షరతు పెట్టాం: డిగ్గర్ వెంట విత్తనం ఏరడానికి శాంతమ్మతో కలిపి నలుగురు ఆడవాళ్లు వస్తారు, కూలి రైతుదే. "మిషన్ అడిగితె మందిని తోల్కొస్తుండ్రు. గిది చేనా, పెండ్లా?" అన్నాడు రాజన్న. అయినా ఒప్పుకున్నాడు. కొందరు ఒప్పుకోక వేరే మిషన్లకు వెళ్లారు. ఏరిన విత్తనమే నాటడంతో మరుసటి పంటకు రాజన్న చేను సాళ్లలో ఖాళీలు లేకుండా మొలిచింది. తవ్వకానికి అతనే ముందుగా ఫోన్ చేసి, "శాంతవ్వ వస్తుందా?" అని అడిగాడు.

దేశం నిలకడగా ఎదగడానికి కొత్త యంత్రాలు కావాలి. అవి లేకపోతే పసుపే ఉండేది కాదు. కానీ మనం వృథా అని లెక్కవేసే దాని మీద ఎవరో ఒకరు బతుకుతుంటారు. యంత్రం చేసేవాడు వాళ్లను కూడా ముందే అడగాలి. ఇది నేను చదివిన పుస్తకాల్లో దొరకలేదు.

డిగ్గర్ పక్కరేకు మీద యాకూబ్ భాయి తెల్ల పెయింట్‌తో రాశాడు: "నలుగురు ఎక్కనిదే బండి కదలదు." రెండేళ్లకు అతను పోయాడు. ఏటా సీజన్‌కు ముందు డిగ్గర్‌కు నేనే రంగు వేస్తాను. ఆ రేకును మాత్రం తడిగుడ్డతో తుడిచి వదిలేస్తాను.