పడవ లేని సినిమా

ఫిల్మ్ క్లబ్బులో ఇరవై రెండేళ్లు ప్రొజెక్టరు నడిపిన భర్త పోయాక, మూడో వారానికే ఆమె వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. మిషను ఆన్ చేయడం, బొమ్మ మసకబారితే సరిచేయడం ఆయన పక్కన కూర్చుని చూసి నేర్చుకున్న పనే. పొట్టకూటి కోసం వచ్చిందని సభ్యులు జాలిపడ్డారు. ఆమె వచ్చింది కార్యదర్శి కోసం.

భర్త పోవడానికి ఎనిమిది నెలల ముందు సంగతి. పరాయి దేశాల్లో బహుమతులు మూటగట్టుకున్న ఒక సినిమా చూసి అందరూ ఆహా ఓహో అంటుంటే, ఆయన పైనున్న ప్రొజెక్టరు గది కిటికీలోంచి తల బయటపెట్టి, ఆకలిని చాలా అందంగా తీశారు గానీ అందులో ఎవరికీ ఆకలి వేయలేదన్నాడు. కార్యదర్శి మైకు వదలకుండానే, "మిషను తిప్పేవాడిక్కూడా సినిమా అర్థమైపోతే ఇక మనమంతా ఎందుకండీ?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ రోజు ఆమె ఆయన పక్కనే ఉంది. ఆ తర్వాత ఆయన ఏ సినిమా గురించీ నోరు విప్పలేదు. అన్నం వడ్డిస్తూ ఈ వారం బొమ్మ ఎలా ఉందని ఆమె అడిగితే, ఆడిందిలే అనేవాడు. గుండె ఆగి పోయాడని డాక్టరు రాశాడు. ఆమెకు మాత్రం ఆ నవ్వే చెవుల్లో ఉండిపోయింది.

ఏడాదిపాటు ఆ కిటికీలోంచి ఆమె తెరకన్నా కార్యదర్శినే ఎక్కువ చూసింది. సినిమా మొదలవగానే అతను పక్కతలుపు గుండా ఆఫీసు గదిలోకి జారుకుంటాడు. ఫోన్లు మాట్లాడి, ఒక కునుకు తీసి, ఆఖరి పేర్లు పడే వేళకు వచ్చి ముందు వరసలో కూర్చుంటాడు. సినిమాతో పాటు వచ్చే పరిచయపత్రం బట్టీపట్టి గంటసేపు దంచుతాడు. తెలిసినా ఆమె పెదవి కదపలేదు.

ఒకసారి రెండు వారాల సినిమాలూ ఒకే పెట్టెలో వచ్చాయి. ఈ వారానిది పెళ్లాం పోయిన పడవవాడి కథ. వచ్చే వారానిది ఆస్పత్రిలో లిఫ్టు నడిపే ఆడమనిషి కథ. పడవవాడి పత్రం కార్యదర్శి పట్టుకెళ్లాడు. శనివారం మధ్యాహ్నం ఆమె పెద్దగుమ్మం దగ్గర నిలబడి, సినిమా మారిందని, ఇవాళ లిఫ్టు కథ వేస్తున్నామని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. పక్కతలుపున వచ్చే కార్యదర్శికి చెప్పలేదు.

సినిమా అయ్యాక కార్యదర్శి మైకందుకుని, ఈ దర్శకుడు సముద్రాన్నే ఒక పాత్రగా మలిచాడన్నాడు. జనం మొహమొహాలు చూసుకున్నారు. అంతలో అందరూ కళ్లజోడు బాబాయి అని పిలిచే పెద్దాయన తల ఊపి, నిజమే, లిఫ్టు దిగే గొయ్యి కూడా సముద్రంలాంటిదేగా అన్నాడు. ఇంకో ఇద్దరు అవునవునన్నారు. ఆమె ఏడాది కాచుకున్నదంతా వీళ్ల పొగడ్తల్లో కొట్టుకుపోయేలా ఉంది.

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది. నలుగురిలో గొంతెత్తడం అదే మొదలు.

"అన్నయ్యగారూ, ఆ పడవ రంగేంటో చెప్తారా?"

"నీలం చెల్లెమ్మా," అన్నాడు తడుముకోకుండా. "విషాదమంతా ఆ నీలంలోనే ఉంది."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా గొల్లుమంది. పడవ ఏ అంతస్తులో ఆగిందండీ అని ఒకావిడ అడిగింది. కార్యదర్శి పత్రం కోసం జేబు తడుముకున్నాడు.

కాసేపటికి అతను చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు. ఆమె కిందికొచ్చి, పెట్టెలో సినిమాలు తారుమారయ్యాయని, తప్పంతా తనదేనని ఒక్కమాట అంటే చాలట. ఆమె ఉద్యోగానికి తనది పూచీ అట.

"ఇన్నేళ్ల పరువమ్మా నాది," అన్నాడు.

"ఆయనకి మాత్రం లేదా?" అంది.

మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద ఒక్కరూ కదల్లేదు.

"పొరపాటేం జరగలేదు. కావాలనే మార్చాను. మీ కార్యదర్శిగారు ఏడాదిగా ఒక్క సినిమా చూళ్లేదు. మా ఆయన ప్రతిదీ మొదటినుంచీ చివరిదాకా చూశాడు."

అప్పట్లో నవ్విన ముఖాలు ఆమెకు గుర్తే. ఒక్కొక్కరినే చూసింది, తలలు దించుకునేదాకా. కార్యదర్శి ఇంకా ఆమె వెనకే ఉన్నాడు. ఆ మెట్లు హాల్లోకే దిగుతాయి, బయటికి పోవాలంటే వాళ్లందరి మధ్యలోంచే నడవాలి. ఆమె పక్కకు జరిగి అతనికి దారిచ్చింది.