అయ్యసామి నాలుగు స్నానాలు

తమిళనాడులోని మేలూరు ఫైర్ స్టేషన్లో నడుముకు తాడు కట్టుకుని దిగేవాడు అయ్యసామి. బావిలో ఆవు పడినా, ఆవును చూడబోయి మనిషి పడినా ముందు పిలుపు ఆయనకే. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన భయపడింది ఒక్క పొన్నుత్తాయికేనని తోటివాళ్లంటారు. పొన్నుత్తాయి ఆయన భార్య. ఆ మాట చెవిన పడినా ఆవిడ కాదనదు.

బయట అరవం, లోపల తెలుగు మాట్లాడే వాళ్లింట్లో ఒక కట్టడి ఉంది. చావు చూసి వచ్చినవాడు తలకు పోసుకునేదాకా నోరు విప్పకూడదు, పోసుకున్నాక ఆ చావు ఊసెత్తకూడదు. అయ్యసామి తండ్రి రంగసామి పెట్టిన చట్టమది. ఇన్నేళ్లూ దొడ్లో రెండు బిందెలతో పని జరిగిపోయింది.

కార్తిక వానలకు నిండిన పాత క్వారీ గుంటలో ఒకతను పడ్డాడు. అయ్యసామి దిగి అతన్ని అందుకున్నాడు గానీ ప్రాణాలతో పైకి తీసుకురాలేకపోయాడు. అప్పట్నుంచి రోజుకు నాలుగు స్నానాలు. మధ్యాహ్నానికే ట్యాంకు ఖాళీ. గిన్నెలు కడగడానికి చుక్క నీళ్లుండవు గానీ ఇంటి పెద్ద మాత్రం తళతళలాడుతుంటాడు.

"పెండ్లినాడు గూడా ఇంత తోముకోలేదే మామా. ఎవురికి చూపీను?" అంది పొన్నుత్తాయి.

"ఉక్కగా ఉండాది."

"మార్గళి నెల చలిలోనా?"

నవ్వుతూనే అడిగింది గానీ ఆవిడ కన్ను ఆయన చేతుల మీదే ఉంది. లుంగీ ముడి వేసుకోబోతే రెండుసార్లు జారిపోయింది. కళ్లు మూసుకుని తాడు ముడులు వేసిన చేతులవి.

స్టేషన్ ఆఫీసరూ ఆ వణుకు చూశాడు. మదురైలో డాక్టరమ్మతో మనసు విప్పి మాట్లాడి, కాగితం మీద ఆమె సంతకం తెస్తేనే మళ్లీ తాడు, లేకుంటే ఫోన్ దగ్గర కుర్చీ అన్నాడు. అయ్యసామికి కుర్చీలో కూర్చోవడమంటే బతికుండగానే పటం కట్టించుకోవడం. పరుగున వెళ్లాడు. డాక్టర్ సత్యప్రియ పది ప్రశ్నలడిగింది. పదింటికీ చక్కని అరవంలో ఏమీ లేదమ్మా అని చెప్పి, పనైపోయిందనుకుని లేచాడు. ఆమె సంతకం పెట్టలేదు. సోమవారం ఇంటావిడను తీసుకురమ్మంది.

సోమవారం బస్సులో పొన్నుత్తాయి వదల్లేదు.

"ఆ గుంటలో మనిసి ఏమన్నా అనెనా?"

"తలకు పోసుకున్నాక ఆ మాట ఎత్తకూడదు."

"దినానికి నాలుగుతూర్లు పోసుకుంటిరే, పోయెనా? మీ నాయన చట్టం మీ నాయనతోనే పోనీండి."

అయ్యసామి కిటికీ వైపు తిరిగాడు. "వాడు మన మాటలో పిలిచినాడు పొన్నూ. డాక్టరమ్మ అరవంలో అడిగె. అరవంలో చెప్తే వేరే ఎవురికో జరిగినట్ల ఉండాది."

"సరి, మీరు మన మాటలోనే చెప్పండి. నేను అరవంలో చెప్తాను."

ఆ పనికి తనను మించినవాళ్లు లేరని ఆవిడ నమ్మకం. నిజమే, ఆయన చెప్పనివి కూడా కలిపి చెప్పగలదు.

డాక్టరమ్మ గదిలో అట్లాగే చెప్పింది కూడా. ఆయన వాన అంటే ఆవిడ వానతో పాటు ట్యాంకు సంగతీ, సబ్బుల సంగతీ చెప్పింది. డాక్టరమ్మ నవ్వింది. అయ్యసామీ నవ్వాడు, నెలకు పైగా అయింది ఆయన నవ్వి. ఆ నవ్వులోంచే మాట జారింది.

"నా చెయ్యి పట్టుకొని, అన్నా, ఇడిసిపెట్టొద్దు అనె. చెయ్యంతా బురద. జారిపోయె. నేను ఇడవలేదు."

పొన్నుత్తాయి నోరు తెరిచింది. అరవం రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అయ్యసామి భార్య ముఖం చూశాడు. డాక్టరమ్మ వైపు తిరిగి, నేను విడవలేదమ్మా అని అరవంలో తనే చెప్పాడు.